ఐపీలు నాలుగుంటే ప్రాక్సీ లెక్క వేరు

సంపాదకులకు,

రివర్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్టుల్ని ముందు తానందుకుని వెనకున్న అప్లికేషన్‌కి పంపేది) గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం ఒక్క ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఉన్న సర్వర్‌కి సరిపోతుంది. మూడు నాలుగు ఐపీలుంటే చిక్కులు వేరే.

ఇలా ప్రాక్సీగా వాడే ఎన్‌జిన్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ ముందు చూసేది సైటు పేరు కాదు, రిక్వెస్టు ఏ ఐపీకి, ఏ పోర్టుకి (ఆ ఐపీలో ఏ ద్వారం నంబరుకి) వచ్చిందన్నది. దాని కాన్ఫిగరేషన్‌లో ఒక సైటు బ్లాకులో (ఆ సైటు కోసం రాసిన భాగంలో) ‘లిజన్ 203.0.113.10:443’ అనీ, ఇంకోదాంట్లో ఉత్త ‘లిజన్ 443’ (అంటే అన్ని ఐపీల మీదా) అనీ రాశారనుకోండి. ఆ ఐపీకి వచ్చిన రిక్వెస్టు విషయంలో రెండో బ్లాకు లెక్కలోకే రాదు, పేరు అచ్చంగా కలిసినా సరే. రెండో సైటు అడిగినవాళ్లకి మొదటి సైటు సర్టిఫికెట్ (సైటు గుర్తింపు పత్రం) వెళ్తుంది, బ్రౌజర్ హెచ్చరిస్తుంది. పాపం, తిట్లు మాత్రం సైటు పేరుని ఐపీగా మార్చే డీఎన్‌ఎస్‌కి! అన్ని బ్లాకుల్లోనూ ఐపీతో సహా రాయడమే మేలు.

అలా అన్నీ మార్చాక రీలోడ్ (ఎన్‌జిన్‌ఎక్స్‌ని ఆపకుండా కొత్త కాన్ఫిగరేషన్ చదివించడం) చేస్తే చాలదు. పాత సాకెట్ (కనెక్షన్ల కోసం ముందే తెరిచి ఉంచినది) అన్ని ఐపీల మీదా 443ని పట్టుకునే ఉంటుంది కాబట్టి ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని ఎర్రర్ లాగ్‌లో పడి, పాత కాన్ఫిగరేషనే నడుస్తుంటుంది. కాన్ఫిగరేషన్ టెస్టు మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. రీస్టార్ట్ చెయ్యాల్సిందే.

వెనక నడిచే అప్లికేషన్‌ని 127.0.0.1:8080కి (ఆ సర్వర్‌లోంచి మాత్రమే చేరగల చిరునామాకి) కట్టెయ్యండి. 0.0.0.0 (అంటే అన్ని ఐపీలూ) అని వదిలేస్తే, ఫైర్‌వాల్ అడ్డుకోకపోతే, ఏ ఐపీ మీద 8080 కొట్టినా ప్రాక్సీతో పనిలేకుండా నేరుగా తెరుచుకుంటుంది.

– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ