సీప్యాప్ అమ్మితే చాలదు, నీళ్ల గిన్నె సంగతీ చెప్పాలి

సంపాదకుడికి,

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషిన్ ఇచ్చి పంపుతున్నారు. ఆ గాలికి తేమ పట్టించే నీళ్ల గిన్నె గురించి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. కొద్ది రోజులకే ముక్కు మంట, దిబ్బడ, తుమ్ములు పట్టుకుని ఎంతోమంది దాన్ని అటక ఎక్కిస్తున్నారు.

ఆ మెషిన్ ఎందుకో రోగి గొంతు చూస్తే తెలుస్తుంది. రాత్రంతా గురకకు అదిరి అదిరి కొండనాలుక ఎర్రగా ఉబ్బి వేలాడుతుంటుంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోయి మళ్లీ లేవడం ఆ వాపును పెంచుతుంది. సరైన ప్రెషర్‌తో రోజూ వాడితే గురక ఆగి, కొన్ని వారాల్లో గొంతు వాపు తీస్తుంది.

అదే గాలి పొడిగా వెళితే ముక్కులో కొత్త వాపు పుడుతుంది. నిద్రలో నోరు తెరిచేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మామూలుగా ఊపిరి వదిలేటప్పుడు అందులోని తేమను ముక్కు కొంత దాచుకుంటుంది. ముక్కులోంచి వెళ్లిన గాలి నోట్లోంచి పోతుంటే ఆ తేమ దక్కదు. లోపలి పొర ఎండి, రక్తనాళాలు ఉబ్బి, ముక్కు మూసుకుపోతుంది. దాంతో నోరు ఇంకా తెరుచుకుంటుంది. అప్పుడు సొంతంగా ప్రెషర్ పెంచితే నోట్లోంచి గాలి లీకు ఎక్కువవుతుందే గానీ తగ్గదు. ముందు వేడి హ్యూమిడిఫయర్, అంటే గిన్నెలో నీళ్లను వేడి చేసి గాలికి తేమ ఇచ్చే భాగం, ఆన్ చేయాలి. లీకు ఆగకపోతే నోరూ ముక్కూ కప్పే మాస్క్‌కు మారాలి. ఏసీ గదిలో ట్యూబులో నీళ్లు చేరి గడగడమంటే తేమ ఆపేయొద్దు, ట్యూబుకు గుడ్డ తొడుగు వేయండి. అలర్జీ ఉన్నవాళ్లు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.

గిన్నెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లయితే అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మిగిలిన నీళ్లు రోజూ పొద్దున్నే పారబోసి గిన్నె ఆరబెట్టాలి. మాస్క్‌కు గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు వద్దు. శ్వాసనాళాలను రేపేదే ఆ వాయువు, 2020లోనే అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనేవాళ్లు, అది, లోపల శబ్దం తగ్గించే ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని 2021లో ఫిలిప్స్ కంపెనీ వెనక్కి పిలిచినవాటిలోది కాదని సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి.

ఇవన్నీ తెలుగులో ఒక్క కాగితం మీద రాసి మెషిన్‌తో పాటు ఇవ్వాలని వైద్య ఆరోగ్య శాఖ అమ్మకందార్లకు చెప్పాలి. వారంలోపు ఒకసారి, నెలకు మరోసారి రోగిని పిలిచి, మెషిన్‌లో నమోదైన లీకు, వాడిన గంటలు చూసే పని ఆసుపత్రులు చేపట్టాలి.

– ఒక స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, విజయవాడ