గమాక్సిన్ డబ్బా, తెల్ల తిమింగలం

మాంట్రియల్ (కెనడా),
ఆగస్టు

ఒరేయ్ శీనయ్యా,

నీ ఉత్తరం చేరి వారం దాటింది. మా పాత ఇంటి పెంకులు దించి రేకులు వేయిస్తున్నావనీ, అటక మీది సామానంతా దొడ్లో పెట్టించావనీ రాశావు. సొంత పనిలా నెత్తిన వేసుకుని చేస్తున్నావు, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. వెంటనే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఇంతలో అమ్మాయీ అల్లుడూ తిమింగలాలు చూపిస్తామని బయల్దేరదీశారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మనసు అక్కడే ఉండిపోయింది. నీకు కాక ఎవరికి చెప్పను? కాస్త పొడుగు ఉత్తరమే, తీరిగ్గా చదువు.

ఇక్కణ్ణుంచి టాడూసాక్ అనే ఊరు కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాం. చివర్లో సాగ్నే అనే నదిని పంటు మీద దాటాలి. కార్లూ లారీలూ అన్నీ ఎక్కించుకుంటుంది, టికెట్టు లేదు. ఆ నది వచ్చి సెయింట్ లారెన్స్ నదిలో కలిసే చోట అడుగునున్న చల్లటి నీళ్ళు పైకి ఉబుకుతాయి. చేపలు పుష్కలం. అందుకే బెలూగా తిమింగలాలు ఏడాది పొడవునా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. బెలూగా అంటే అసలు ఆర్కిటిక్ మంచు సముద్రపు జీవి, పెద్దయ్యాక పాలలా తెల్లగా ఉంటుంది. దాని జాతంతా ఉత్తరాన ఉంటే ఈ ఒక్క గుంపు ఇంత దక్షిణాన బతుకుతోంది.

పడవ ఎక్కలేదురా. పడవలు వాటికి 400 మీటర్ల దూరం పాటించాలని అక్కడ నిబంధన. అందుకని ఒక ఖాతం గట్టున కట్టిన చెక్క అరుగు మీద నిలబడ్డాం. గంట సేపు నీళ్ళు తప్ప ఏమీ లేవు. దూరంగా అలల నురగ కనిపించింది. నురగేలే అనుకున్నాను. ఆ నురగ మునిగి, మళ్ళీ రెండు బారల అవతల లేచింది. అప్పుడు తెలిసింది అది వీపు అని. దాని పక్కనే, ఒంటికి ఒరుసుకుంటూ, బూడిద రంగులో చిన్నది ఇంకొకటి. పిల్ల. బెలూగా పిల్లలు బూడిద రంగులోనే పుడతాయట, తెల్లబడ్డానికి పది పన్నెండేళ్ళ పైనే పడుతుందట. తల్లి లేచినప్పుడల్లా అదీ లేచేది, తల్లి మునిగితే అదీ మునిగేది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి చూసింది.

ఆ ఊళ్ళోనే తిమింగలాల మ్యూజియం ఒకటుంది. అక్కడ విన్నవీ, వచ్చాక అమ్మాయి చేత పుస్తకాలు తెప్పించుకుని చదివినవీ కలిపి చెప్తున్నాను.

1982లో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఒక బెలూగా చచ్చి కొట్టుకొచ్చింది. దానియెల్ మార్టినో అనే పశువైద్యుడు, పియెర్ బెలాన్ అనే శాస్త్రజ్ఞుడు వెళ్ళి దాన్ని కోసి చూశారు. అప్పటికే వాటిని వేటాడటం మాన్పించారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న గుంపు వెయ్యికి పడిపోయి, వేట ఆగినా పెరగడం లేదు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆ మొదటి కళేబరం తర్వాత ఒడ్డుకు వచ్చిన ప్రతి కళేబరాన్నీ ఏళ్ళ తరబడి కోసి చూస్తూనే వచ్చారు. కడుపులో పుళ్ళు, ఊపిరితిత్తుల జబ్బులు, థైరాయిడ్ గ్రంథి దెబ్బతినడం, పాల గ్రంథుల్లో చీము. అన్నిటికన్నా ఘోరం క్యాన్సర్. 1983 నుంచి 1999 వరకు పరీక్షించిన వాటిలో, పెద్ద వయసు బెలూగాల్లో నూటికి 27 క్యాన్సర్‌తో పోయాయి. అడవి జంతువుల్లో ఆ స్థాయి ఎక్కడా చూడలేదని వాళ్ళే రాశారు. కొన్నిటి కొవ్వులో పీసీబీలు ఎంత ఉన్నాయంటే, కిలోకి 50 మిల్లీగ్రాములు దాటితే కెనడా చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్క కడుతుంది, ఆ లెక్కలోకి ఈ కళేబరాలు వచ్చాయి. పీసీబీలంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన రసాయనాలు.

ఆ క్యాన్సర్‌కి కారణం ఏమై ఉంటుందంటే, సాగ్నే ఒడ్డున అల్యూమినియం ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటి పొగలోని తారులాంటి పదార్థాలు నది అడుగు బురదలో పేరుకున్నాయి. బెలూగాలు ఆ బురదను తవ్వుకుని పురుగూ పుట్రా తింటాయి. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన కార్మికులకీ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు వచ్చాయి. ఇంకో విషం, మైరెక్స్ అనే పురుగుమందు, ఎక్కడో ఎగువనున్న ఒంటారియో సరస్సులో కలిసింది. అది ఇక్కడి దాకా ఎలా వచ్చిందంటావు? మలుగు చేపల ఒంట్లో. అవి గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి సముద్రానికి వెళ్తూ ఈ సెయింట్ లారెన్స్ గుండానే పోతాయి, దారిలో బెలూగాలు వాటిని తింటాయి. చేప మొయ్యాల్సిన బరువా అది!

ఇదంతా నది పక్క ఫ్యాక్టరీల కథ. ఫ్యాక్టరీ అన్నదే లేని మంచు ప్రాంతాల సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు.

మేముండే ఈ క్విబెక్ రాష్ట్రంలోనే ఎరిక్ దెవాయి అనే డాక్టరు 1980ల మధ్యలో తల్లిపాలలో విషాలు కొలిచేవాడు. పోల్చి చూసుకోవడానికి ఏ కల్మషమూ లేని పాలు కావాలి. ఉత్తరాన మంచులో ఉండే ఇన్యూట్ తల్లుల పాలైతే స్వచ్ఛంగా ఉంటాయని తెప్పించాడు. కొలిస్తే, పట్నం తల్లుల పాలకన్నా వాటిలోనే పీసీబీలు సుమారు అయిదు రెట్లు ఎక్కువ! వాళ్ళ తిండి సీలు అనే సముద్ర జంతువు, బెలూగా. బెలూగా చర్మాన్ని కొవ్వుతో సహా కోసి తినడం వాళ్ళకు మనకు ఆవకాయ అన్నంలాంటిది, తరతరాల రుచి. అది మానెయ్యండి అని ఎవరు చెప్పగలరు? మానేసి ఏం తినమంటారు, వేల మైళ్ళ నుంచి వచ్చే డబ్బా తిండా?

ఈ విషాలు అక్కడికి ఎలా చేరతాయో కూడా తెలుసుకున్నాను. మన దగ్గర ఎండకి ఆవిరై గాలిలో కలుస్తాయి, చల్లటి చోట మళ్ళీ దిగుతాయి. వేడెక్కితే మళ్ళీ లేస్తాయి. మిడత గంతుల్లా అలా అలా ఉత్తరానికి పోతాయి. అక్కడ చలికి ఇక లేవవు. నీళ్ళలోని నాచులో ఇసుమంత, దాన్ని తిన్న రొయ్యలో ఇంకాస్త, చేపలో, సీలులో, చివరికి తిమింగలం కొవ్వులో కుప్ప. బోహెడ్ అనే తిమింగలం సన్నటి రొయ్యలాంటి జీవుల్నే తింటుంది కాబట్టి దాని ఒంట్లో తక్కువ. సీళ్ళను తినే కిల్లర్ వేల్ ఒంట్లో చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. గమాక్సిన్ అనే పురుగుమందు పొడి గుర్తుందా? మా నాయనమ్మ వడ్ల పురి చుట్టూ చల్లేది. గోడ వారన చీమలకి గీత గీసేది. వరికి పురుగు పడితే పాత పంచె ముక్కలో మూటకట్టి మీ నాన్న చేలో దులుపుకుంటూ నడిచేవాడు. వెనకాల మనం ఆ ముక్కిపోయిన వాసన పీల్చుకుంటూ. ఆ పొడి అసలు పేరు హెచ్‌సీహెచ్. ఆర్కిటిక్ గాలిలో దాన్ని ఏళ్ళ తరబడి కొలిచారు. 1983లో చైనా ఆపేశాక ఒకసారి, 1990 ప్రాంతంలో మన దేశం పొలాల్లో వాడకం తగ్గించాక ఇంకోసారి, అక్కడి గాలిలో మోతాదు దిగిపోయింది. 1997లో మన దగ్గర పూర్తిగా నిషేధించారు. శీనయ్యా, మన చేలో దులిపిన పొడి ఉత్తర ధ్రువం దగ్గర లెక్కకు వచ్చిందిరా! మీ నాన్నకు ఏం తెలుసు, పంట దక్కితే చాలనుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టను. తెలిసి తయారుచేసి అమ్మినవాళ్ళ మీదే నా కోపం.

తల్లి తిమింగలం సంగతి చెప్పి తీరాలి. గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం ఉంటేనే చిక్కటి పాలంటాం. బెలూగా పాలలో దాదాపు పాతిక శాతం కొవ్వే. మంచు నీళ్ళలో పిల్ల బతకాలంటే అంత చిక్కగా ఉండాలి. ఆ కొవ్వు తల్లి తన ఒంట్లోంచి తీసి ఇస్తుంది. కొవ్వుతో పాటు అందులో దాగిన విషమూ పోతుంది. మగ తిమింగలం ఒంట్లో వయసుతో విషం పెరుగుతూ పోతే, తల్లి ఒంట్లో ఈనిన కొద్దీ తగ్గుతుంది. అన్నిటికన్నా ఎక్కువ వాటా తొలిచూలు పిల్లదే. ఆ మాట చదివి పుస్తకం మూసేశాను. ఆ అరుగు మీంచి చూసిన బూడిద రంగు పిల్ల తొలిచూలుదో మలిచూలుదో అన్న ఆలోచన ఇంకా వదలడం లేదు.

అంతా చీకటే అని కాదు. ఫ్యాక్టరీల పొగ తగ్గించాక, 1971 తర్వాత పుట్టిన బెలూగాల్లో క్యాన్సర్ కనిపించలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2001లో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కలిసి మొదట 12 విషాల మీద ఒప్పందం చేసుకున్నాయి, మనం 2006లో చేరాం. గట్టిగా పట్టుకుంటే తగ్గుతుంది, అది కళ్ళారా కనిపిస్తోంది. అయితే పాదరసం తగ్గడం లేదు. గ్రీన్‌లాండ్‌లో నార్వాల్ అనే తిమింగలానికి మెలి తిరిగిన పొడవాటి దంతం ఉంటుంది. చెట్టు కాండంలోలా ఏటా ఒక పొర. పది దంతాలు కోసి పొర పొరా కొలిస్తే, 2000 తర్వాత పాదరసం ఎక్కువైంది. బొగ్గు కాల్చడం దానికి ఒక కారణం కావచ్చంటున్నారు. మన బొగ్గు కరెంటు గుర్తొచ్చింది.

సరే, నీ ఉత్తరం దగ్గరికి వస్తాను. అటక మీద తూర్పు మూల తుప్పు పట్టిన డాల్డా డబ్బా ఒకటి ఉండాలి, మూతకి గుడ్డ చుట్టి పురికొసతో కట్టి ఉంటుంది. అందులో ఉన్నది ఆ పొడే. నాయనమ్మ పోయాక ఎవరూ ముట్టుకోలేదు. కూలీలు తుక్కులో కలిపి కాలవలో పారబోయకుండా చూడు. చేత్తో తాకొద్దు, మూత తియ్యొద్దు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, పిల్లలకీ గొడ్లకీ అందకుండా ఎత్తున పెట్టించు. సంక్రాంతికి వస్తున్నాను, ఇద్దరం కలిసి వ్యవసాయాధికారి దగ్గరికి తీసుకెళ్ళి ఏం చెయ్యాలో అడుగుదాం. డబ్బా కనిపించిందో లేదో మాత్రం ఆగకుండా రాయి.

నీ
సాంబయ్య