సిద్ధాంత గ్రంథంలో ఇమడనివారికి కృతజ్ఞతలు

గణితంలో నా పీహెచ్‌డీ పూర్తయింది. మొన్ననే వైవా ముగిసింది, పరీక్షకులు డిగ్రీకి సిఫారసు చేశారు. సిద్ధాంత గ్రంథం మొదటి పుటల్లో కృతజ్ఞతలకు ఒక వరస ఉంటుంది: గైడు గారు, విభాగాధిపతి, డీన్, ఆ తరువాత తల్లిదండ్రులు. ఆ వరస తప్పకుండా, మనస్ఫూర్తిగానే రాశాను. కానీ కావలిలో జూనియర్ కళాశాల పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్ పరిశోధన చేసిన మనిషిని ఒడ్డున పడేసినవాళ్లలో చాలామంది ఆ పుటలో ఇమడరు. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ అన్నారు కనుక ఊరు, చేసిన సాయం మాత్రమే చెబుతాను.

ముందు ఒంగోలు మాస్టారు. డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నా అంశం ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లు. లాటిస్ అంటే జాయిన్, మీట్ అనే రెండు పరిక్రియలు కొన్ని నియమాలు పాటించే సమితి. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా ప్రతిపాదించిన నిర్మాణం ఇది. వ్యాసం అచ్చయింది ఆస్ట్రేలియా పత్రికలో అయినా సరుకు మన విశాఖపట్నానిదే. విభాగ (డిస్ట్రిబ్యూటివ్) లాటిస్‌కు ఉండే ధర్మాలు దాదాపు అన్నీ దీనికీ ఉంటాయి. జాయిన్‌కు వినిమయ న్యాయం (వరస మార్చినా ఫలితం మారకపోవడం), మీట్‌కు వినిమయ న్యాయం, ఒక వైపు విభాగ న్యాయం మాత్రం ఉండనక్కర లేదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి చేర్చినా అది మామూలు విభాగ లాటిస్ అయి కూర్చుంటుంది.

మాస్టారికి ఈ అంశం కొత్త. అయినా ఆదివారాలు రమ్మనేవారు. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి సున్నా, క, చ అని మూడు మూలకాలతో పట్టిక గీసేవారు. కను చతో మీట్ చేస్తే చ, చను కతో మీట్ చేస్తే క. మీట్‌లో సున్నా ఎటు ఉన్నా ఫలితం సున్నాయే. అంటే సున్నా కానివి రెండు కలిస్తే మీట్‌లో వెనక వచ్చినది నిలుస్తుంది, జాయిన్‌లో ముందున్నది నిలుస్తుంది. నేను ఏ కొత్త ప్రతిపాదన పట్టుకెళ్లినా ఆయన మాట ఒక్కటే: “ముందు ఈ ముగ్గురి దగ్గర నిలుస్తుందేమో చూడమ్మా, నిరూపణ సంగతి తరువాత.” నెలల తరబడి తిప్పే దారులు కొన్ని ఆ తొమ్మిది గళ్ల దగ్గరే మూసుకుపోయాయి. ప్రయోగశాల అక్కర లేని శాస్త్రం మాది. మాకు కావలసింది ఓపికగా విని, “అర్థం కాలేదు, మళ్లీ చెప్పు” అని మొహమాటం లేకుండా అనగల మనిషి. వైవాలో మొదటి ప్రశ్న కూడా ఈ నిర్మాణానికి లాటిస్ కాని ఉదాహరణ ఒకటి ఇమ్మనే. బోర్డు మీద ఆ పట్టికే గీశాను.

ట్రంకు రోడ్డులో డీటీపీ షాపు నడిపే తమ్ముడిది మరో రకం సాయం. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చకచకా కొట్టే చేయి. గణిత సంకేతాలు పేజ్‌మేకర్‌లో ఒద్దికగా కూర్చోవడం లేదని, రాత్రులు షాపు మూశాక తనే గణితాన్ని అచ్చుకు పేర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు వికారంగా వచ్చాయనే కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1978లో లేటెక్‌కు మూలమైన టెక్‌ను తయారుచేశారని చెబితే, “అయితే ప్రూఫుల బాధ అంతటివారికీ తప్పలేదన్నమాట మేడమ్” అన్నాడు. అతను తయారుచేసిన నమూనా ఫైలు ఇప్పుడు ఎవరు అడిగినా ఊరికే ఇస్తున్నాడు. ప్రింటుకు మాత్రం డబ్బులివ్వండి.

నెల్లూరులో ఒక కళాశాల లైబ్రేరియన్ గారి రుణం తీరేది కాదు. గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక పది శాతం దాటకపోతే ఇబ్బంది లేదని యూజీసీ 2018 నిబంధనలు అంటాయి. కథ, విమర్శ అయితే మాట మార్చి రాయవచ్చు. గణితంలో నిర్వచనం మాటలు కదిపితే నిర్వచనమే కదిలిపోతుంది. ఆ సంగతి పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఎవరు చెప్పాలి? నా మొదటి అధ్యాయం నిండా ఎర్ర గీతలే. నియమాలు, ప్రామాణిక సంకేతాలు, సమీకరణాలు లెక్కలోకి రావని ఉన్న భాగాన్ని ఆమె తీసి చూపించారు. నివేదికను నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం చూశారు. గణిత వ్యాసాల సూచిక జెడ్‌బీమ్యాథ్ 2021 నుంచి అందరికీ ఉచితమని చెప్పింది కూడా ఆమే. చందాలు కట్టే స్తోమత లేని కళాశాలల్లో పనిచేసేవారు ఇది గుర్తుపెట్టుకోండి.

పార్ట్‌టైమ్ పరిశోధనకు పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అంతకుముందు పనిచేసిన ఒక చోట అడిగితే, ఇంటర్ పాఠాలకు డాక్టరేట్ ఎందుకని నవ్వారు. ఇప్పటి ప్రిన్సిపాల్ గారు అడిగిన పూటే సంతకం చేశారు. విశ్వవిద్యాలయం పని మీద నాగార్జున నగర్ వెళ్లిన రోజుల్లో నా క్లాసులు తీసుకున్న ఫిజిక్స్ మేడమ్‌కు, పిల్లవాడి హోంవర్కు మొత్తం తన నెత్తిన వేసుకున్న మా అత్తయ్యకు వేరే చెప్పాలా!

మాస్టారికి ఇప్పుడు ఆదివారాలు తీరికేనట. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గణితంలో పరిశోధన చేస్తున్నవారు ఎవరైనా ఆయనను కలవాలంటే నాకు రాయండి, అడిగి కబురు చేస్తాను. అంశం ఏదైనా ఫరవాలేదు. ఒక ఉదాహరణ మాత్రం వెంట తీసుకువెళ్లండి, లేకపోతే కాఫీ ఇచ్చి పంపేస్తారు.