23 పుస్తకాలు, ఇందిర గురించి ఒక మాట

చీరాల,
డిసెంబరు 28

చిన్నీ,

మొన్న ఫోన్లో "ఈ ఏడాది ఎన్ని చదివావమ్మా?" అని అడిగావు. పొయ్యి మీద పప్పు ఉందని పెట్టేశాను. తర్వాత రెండు రోజులు ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీకు చెప్పాల్సిన ఒక మాట కూడా ఉంది, అది ఫోన్లో నావల్ల కాదు.

లెక్క అడిగావు కాబట్టి ముందు అది చెప్తాను. 23. నాన్న పాత డైరీలో వెనకపక్క నుంచి రాసుకుంటూ వచ్చాను, పుస్తకం పేరు, మొదలుపెట్టిన రోజు, అయిపోయిన రోజు. 22 పూర్తయ్యాయి. ఒక్క 'వేయిపడగలు' మాత్రం మూడో వంతు దగ్గర ఆగింది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం విశ్వనాథ సత్యనారాయణగారు 29 రోజుల్లో నోటితో చెబుతుంటే వాళ్ళ తమ్ముడుగారు రాశారట. ఆయన నెలలోపు చెప్పింది చదవడానికి నాకు రెండు నెలలూ చాల్లేదు. ఎండాకాలంలో మళ్ళీ మొదటి పేజీ నుంచి పడతాను.

ఏప్రిల్లో రిటైరయ్యాను, జూన్‌లో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కళ్ళజోడు మార్చాక మొదటిసారి పేపరు తెరిస్తే అక్షరాలు నల్లగా, విడివిడిగా కనిపించాయి. ఎన్నేళ్ళయిందో అలా కనిపించి! మీరిద్దరూ పుట్టాక, స్కూలు, ఇల్లు, ట్యూషన్లు అయ్యాక, సాంఘికశాస్త్రం పాఠాలూ పరీక్ష పేపర్లూ తప్ప ఏమీ చదవలేదు. పెళ్ళికి ముందు అలా ఉండేదాన్ని కాదు. మీ అమ్మమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేది. ఆ కుట్టు పుస్తకాలే నా మొదటి లైబ్రరీ. తర్వాత బజార్లో అద్దె పుస్తకాల షాపు. యద్దనపూడి సులోచనారాణి నవల చేతికొస్తే తెల్లారేలోపు తిరిగిచ్చేయాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె.

ఇప్పుడు వేటపాలెం వెళ్తున్నాను. ప్రతి మంగళవారం షేర్ ఆటోలో సారస్వత నికేతనానికి. 1918లో మొదలైన గ్రంథాలయం అది. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఈ సంగతి ఎన్ని క్లాసుల పిల్లలకు చెప్పానో! నేనే వెళ్ళి అక్కడ ఒక పుస్తకం తీసి చదువుకోవాలని మాత్రం ఇన్నేళ్ళూ తోచలేదు. ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని ఇంత కాలం వదిలేశానే అని మొదటి రోజు అక్కడ కూర్చుని చాలా బాధపడ్డాను.

'అమరావతి కథలు' రోజుకు రెండే అని నియమం పెట్టుకున్నాను. సత్యం శంకరమంచిగారివి మొత్తం 100 కథలు, రెండేసి చొప్పున యాభై రోజులు వచ్చాయి. చిన్న చిన్న కథలు, ఒక్కోటి చదివాక ఇంకోటి వెంటనే చదవాలనిపించదు, కాసేపు కృష్ణ ఒడ్డున కూర్చున్నట్టే ఉంటుంది. తిరుమల రామచంద్రగారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా' అన్నయ్యకు బాగా నచ్చుతుంది, వాడికి చెప్పు. నామిని 'పచ్చనాకు సాక్షిగా' మొదటి పది పేజీలు చిత్తూరు మాట అందక తడబడ్డాను. పైకి చదవడం మొదలుపెట్టాక ఒక్కసారిగా విచ్చుకుంది. వాళ్ళమ్మ మాట్లాడుతుంటే వంటింట్లోంచి మా నాయనమ్మ పిలిచినట్టే ఉంది, యాస వేరైనా.

అలా పైకి చదవడం వల్లే నాన్న ఇందులోకి వచ్చారు. ఆయనకు పుస్తకం పట్టుకునే అలవాటు లేదని నీకు తెలుసు. ఆగస్టులో ఒక రాత్రి కరెంటు పోతే వరండాలో ఛార్జింగ్ లైటు పెట్టుకుని 'వనవాసి' చదువుతున్నాను. బెంగాలీలో బిభూతిభూషణ్ రాసిన 'ఆరణ్యక్', తెలుగులోకి సూరంపూడి సీతారాంగారు తెచ్చారు. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ అనే కుర్రాడు బీహారు అడవుల్లో ఒక ఎస్టేటుకు మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి బెంబేలెత్తిపోతాడు. తర్వాత ఆ అడవే అతనికి ప్రాణమవుతుంది. కానీ అతన్ని పంపిందే ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడానికి. ప్రేమించినదాన్ని తన చేత్తోనే, తన సంతకంతోనే నరికించాలి.

"కాస్త గట్టిగా చదువు" అన్నారు నాన్న, పడక్కుర్చీలోంచి. ఆ రోజు నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట. అందులో యుగళప్రసాద్ అని ఒక మనిషి ఉంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, తీగలు, గింజలు తెచ్చి సరస్వతీ కుండం అనే చెరువు చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, పైసా లాభం లేదు, ఎవరూ చూడరు. మీ నాన్నకు అతనంటే ఎంత ఇష్టమైందంటే, పుస్తకం తెరవగానే "ఇవాళ యుగళప్రసాద్ వస్తాడా?" అని అడిగేవారు.

ఆఖరి రోజు మాత్రం ఏమీ అడగలేదు. సత్యచరణ్ ఆ చోటు విడిచి వెళ్తూ అడవి దేవతలను క్షమించమని వేడుకుంటాడు. చదవడం ఆపి చూస్తే నాన్న వీధి వైపు చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు సర్వేయరుగా గొలుసు పట్టుకుని తిరిగిన మనిషి కదా. సముద్రం పక్క జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు ఆయన కొలిచి రాళ్ళు పాతించినవే ఎన్ని ప్లాట్లయ్యాయో. "నేనూ అదే పని చేశాను" అన్నారు. అంతే, లోపలికి వెళ్ళి పడుకున్నారు. మర్నాడు ఆ చివరి పేజీలు ఇంకోసారి చదివించుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన తన ఉద్యోగం గురించి నాతో అన్న మాటల్లో అంత బరువైనది ఇంకోటి లేదు.

ఆ రాత్రి నాకు కూడా నిద్ర పట్టలేదు. క్షమించమని అడగాల్సిన పని నాకూ ఒకటి మిగిలి ఉంది. అప్పటికి అదేమిటో నాకే స్పష్టంగా తెలియదు. అక్టోబరులో తెలిసింది.

ఇనప్పెట్టె అడుగున నా డిగ్రీ రోజుల 'కాలాతీత వ్యక్తులు' దొరికింది. డాక్టర్ పి. శ్రీదేవిగారు రాసిన నవల. 1957, 58లలో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల ఇది. 1961లో, ముప్పై రెండేళ్ళు నిండకుండానే పోయారు. పేజీలు గోధుమరంగుకు తిరిగాయి. అంచుల్లో నా పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి.

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. ఇందిర ఉద్యోగం చేసుకుంటూ తండ్రిని పోషిస్తుంది. మేడ మీద గదిలో ప్రకాశం, డాక్టరీ చదువుతుంటాడు. వాళ్ళింట్లోనే ఉండి చదువుకునే కల్యాణి నెమ్మదస్తురాలు, కష్టాలన్నీ లోపలే మింగుతుంది. ప్రకాశం మంచివాడే, కానీ మేనమామ ముందు నోరు పెగలదు. ఇందిర అతనికోసం ఏడుస్తూ కూర్చోదు. తనకేం కావాలో మొహం మీదే అంటుంది, అతను తేల్చుకోలేడని అర్థమయ్యాక తన దారి తను చూసుకుంటుంది.

ఇరవై ఏళ్ళప్పుడు నాకు కల్యాణి అంటే ప్రాణం. ఇందిర మాట్లాడే ఒక పేజీ పక్కన "సిగ్గులేని మనిషి" అని రాసి ఉంది, నా చేతిరాతే. యద్దనపూడి 'సెక్రటరీ' నవల హీరోలా కారు దిగి వచ్చే రాజశేఖరాల కోసం ఎదురుచూసే వయసు నాది. మగవాడికి ధైర్యం లేకపోవచ్చని, అది కనిపెట్టి ముందుకు నడవడం ఒక ఆడపిల్ల తెలివని అప్పుడు నాకు తట్టలేదు.

ఈసారి చదువుతుంటే ఇందిర గొంతు నాకు నీ గొంతులా వినపడింది తల్లీ.

ఐదేళ్ళ క్రితం నువ్వు ఆ అబ్బాయి సంగతి చెప్పావు. ఇంట్లో మాట్లాడతా, మాట్లాడతా అని అతను రెండేళ్ళు లాగాడు. నువ్వు ఒక ఆదివారం ఫోన్ చేసి "అమ్మా, నేనే వద్దని చెప్పేశాను" అన్నావు. నీ గొంతు వణకలేదు. ఆ వణకకపోవడం నాకు నచ్చలేదు. "ఆడపిల్లకి అంత తెగింపు పనికిరాదు, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాల్సింది" అన్నాను. నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేశావు. ఆ తర్వాత నీ మనసులో మాట నాతో చెప్పడం తగ్గించావు. నాకు తెలుస్తూనే ఉంది. ఉద్యోగం టెన్షన్ అనుకుని సరిపెట్టుకున్నాను.

నువ్వు రెండేళ్ళు ఓపిక పట్టే ఆ పని చేశావు. ఆ రోజు నేను అడగాల్సింది "తిన్నావా? ఎవరైనా పక్కన ఉన్నారా?" అని. ఊరు కాని ఊళ్ళో ఒక్కదానివే గదిలో కూర్చుని అమ్మకు ఫోన్ చేస్తే, అమ్మ తప్పు పట్టింది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు చిన్నీ. ఇది నాన్నకు కూడా చెప్పాను. "రాయి, ఆలస్యం చేయకు" అన్నారు. అయినా రెండు నెలలు పట్టింది.

ఇందిరలో అన్నీ నాకు నచ్చాయని కాదు. కల్యాణి విషయంలో ఆమె నడిచిన తీరు ఇప్పటికీ ఒప్పుకోలేను. దాని గురించి నీతో వాదించాలని ఉంది. నువ్వు ఆమె పక్షం తీసుకుంటావని నా అనుమానం. పుస్తకం ఈ ఉత్తరంతో పాటే కొరియర్‌లో పంపుతున్నాను. ఆ పెన్సిలు మాట చెరపలేదు. అట్ట ఊడిపోతోంది, మెల్లగా తెరువు.

జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండుగ మొదలవుతుంది. సంక్రాంతికి నీకు ఎప్పటినుంచి సెలవో చెప్పు, నాలుగు రోజులు ముందే రాగలిగితే ముగ్గురం వెళ్దాం. 'వనవాసి' లైబ్రరీది, ఇచ్చేశాను. మనకంటూ ఒకటి కొనాలని నాన్న పట్టుబట్టారు. ఆయన అప్పుడే ఒక గుడ్డసంచి ఉతికి దండెం మీద ఆరేశారు.

ప్రేమతో,
అమ్మ