నాన్నగారికి, లండన్ నాటకశాల ముచ్చట

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అమ్మా మీరూ కుశలమని తలుస్తాను.

పోయిన శనివారం ఇక్కడి ఔత్సాహిక బృందం ఒకటి ప్రదర్శించిన 'ది ఆర్కేడియన్స్' అనే సంగీత హాస్య నాటకం చూశాను. నాటకమంటే ప్రాణం పెట్టే మీకు దాని సంగతి వివరంగా రాయకుండా ఉండలేకపోతున్నాను.

రాబర్ట్ కోర్ట్‌నీడ్జ్ అనే నిర్మాత దీనిని 1909 ఏప్రిల్ 28న లండన్‌లోని షాఫ్ట్స్‌బరీ థియేటర్‌లో ప్రారంభించగా, 1911 జూలై వరకు 809 సార్లు ఆడింది. ఆ మధ్యలోనే, 1910 మే నెలలో, ఎడ్వర్డియన్ యుగమని ఆ కాలానికి తన పేరిచ్చిన ఏడవ ఎడ్వర్డ్ రాజు కన్నుమూశాడు. సంగీతం లయొనెల్ మాంక్టన్, హోవర్డ్ టాల్బట్ కలిసి సమకూర్చారు. పాటలు ఆర్థర్ వింపెరిస్ రాశాడు.

అబద్ధమన్నదే ఎరగని ఆర్కేడియా అనే లోకంలో, స్మిత్ అనే లండన్ వ్యాపారి విమానంతో సహా వచ్చి పడతాడు. బ్లేరియో అనే ఫ్రెంచి వైమానికుడు ఇంగ్లీష్ చానల్‌ను విమానంలో దాటింది 1909 జూలైలోనే కనుక, అప్పటి ప్రేక్షకులకు ఆ విమానం ఎంత కొత్త వింతో మీరే ఊహించవచ్చు. వచ్చీ రాగానే అబద్ధమాడిన స్మిత్‌ను అక్కడివారు సత్యపు బావిలో ముంచి తీస్తారు. చెంపల మీది గుబురు గడ్డం మాయమై, అందమైన గొల్ల యువకుడై పైకి వస్తాడు. సత్యం కోసం హరిశ్చంద్రుడు పడిన పాట్లకు మనం కంటతడి పెట్టుకుంటామే, ఇక్కడ అదే సత్యాన్ని పట్టుకుని హాలంతా నవ్వించారు. ఆ యువకుడిని వెంటబెట్టుకుని, లండన్‌ను బాగుచేద్దామని ఆర్కేడియా కన్యలు బయలుదేరతారు.

రెండో అంకంలో గుర్రప్పందెం జరుగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ నాటకంలోని ఒక పాట. ఎన్నడూ గెలవని జాకీ డూడీ, ముఖం వేలాడేసుకుని, తానెప్పుడూ ఉల్లాసంగా ఉండటమే తన సూత్రమని పాడతాడు. మాటకూ ముఖానికీ ఉన్న ఆ వైరుధ్యమే హాస్యం. మొదట ఆ పాత్ర వేసిన ఆల్ఫ్రెడ్ లెస్టర్ ఆ పాటతోనే గొప్ప పేరు తెచ్చుకున్నాడు. మొన్న వేసిన కుర్రవాడు కూడా పాట మధ్యలో ఒక్కసారైనా నవ్వలేదు. భుజాలు మాత్రం ఒక్కో చరణానికీ మరికాస్త కుంగాయి. హోటలులో జరిగే మూడో అంకం మాత్రం, నా దృష్టిలో, కొంత సాగదీతే.

1910లో ఇది న్యూయార్క్‌కూ వెళ్ళింది. 1927లో మూకీ చిత్రంగానూ వచ్చింది. పాటలే ప్రాణమైన నాటకాన్ని పాటలు వినిపించకుండా తీయడం నాకు అన్యాయమనిపిస్తుంది. మొదట ఆడిన ఆ థియేటర్ 1941లో జర్మన్ బాంబులకు నేలమట్టమైంది. ఇటువంటి నాటకాలను తరతరాలుగా కాపాడుతూ వచ్చినవారిలో ఔత్సాహిక బృందాలవారే ముఖ్యులు. ఆఫీసు పనులు ముగించుకుని వచ్చి సాధన చేసే వారంటే నాకు ఎంతో గౌరవం.

దీని స్వరాల పుస్తకం పాత పుస్తకాల దుకాణాల్లో దొరికితే పంపిస్తాను. డూడీ పాటను మీ హార్మోనిస్టు గారిచేత వాయింపించి, ఎలా ఉందో తప్పక రాయండి.

మీ కుమారుడు