ఆ రేడియేటర్ బిగించకు!

ఒరేయ్ శీనూ,

ముందు ఈ ఒక్క ముక్క చదువు, కోప్పడ్డం తర్వాత: ప్రాసెసర్ వేడెక్కుతోందని కొత్తగా కొన్న ఆ అల్యూమినియం రేడియేటర్‌ని, లోపల నీళ్ళు తిప్పి చల్లబరిచే నీ కంప్యూటర్‌కి బిగించకు. ఇప్పటికే బిగించేసి ఉంటే వెంటనే ఆపేసి నీళ్ళు దించెయ్. ఎందుకో కింద విడమరిచి రాస్తున్నాను.

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, ఇల్లు మారడం వాయిదా పడింది. ఆ నీలం గొడుగు సంగతి ఇప్పటికీ మూడో మనిషికి తెలియదు, నిశ్చింతగా ఉండు. కబుర్లకి ఇంతే. నీ ఫోటోలు చూసిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఇంకో విషయం లేదు.

ఆ మూడో ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడరా. ప్రాసెసర్ మీది బ్లాకు, అదే చిప్ వేడిని నీళ్ళలోకి దించే లోహపు పలక, యాక్రిలిక్ మూతలోంచి కనిపిస్తోంది కదా. నీళ్ళు లోపలికొచ్చే రంధ్రం కింద, సన్నటి రెక్కల వరసలో ఎడమ సగం తెల్లగా, పేస్టు పూసినట్టుంది. ఆ రెక్కల మధ్య సందులు ఒక మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. కుడివైపు స్క్రూ చుట్టూ ఆకుపచ్చగా కట్టింది చిలుము. మధ్యలో నికెల్ పూత లేచిపోయి లోపలి రాగి ఎర్రగా బయటపడింది. మూడు జబ్బులు ఒక్క ఫోటోలో! నువ్వేమో లోపలి నీళ్ళ గురించి "నీలం రంగు కాస్త ఆకుపచ్చకి తిరిగింది, అందంగానే ఉంది" అని రాశావు.

నీ అంకెలు కూడా తీసి చూశాను. గది 28 డిగ్రీలు, నీళ్ళు 36, ప్రాసెసర్ 91. కొత్తలో ఇదే పనికి ప్రాసెసర్ 65 దాటేది కాదని అప్పట్లో నువ్వే రాశావు. ఇక్కడే అసలు కీలకం ఉంది. నీళ్ళకీ గదికీ తేడా ఎనిమిదే డిగ్రీలు. అంటే నీళ్ళ వేడిని గాలికి వదిలే రేడియేటర్ తన పని తాను శుభ్రంగా చేస్తోంది. ప్రాసెసర్‌కీ నీళ్ళకీ మధ్య మాత్రం 55 డిగ్రీల తేడా. వేడి నీళ్ళలోకే దిగడం లేదు, బ్లాకు పూడుకుపోయింది. ఇంకో రేడియేటర్ తగిలిస్తే నీళ్ళు మహా అయితే మూడు నాలుగు డిగ్రీలు చల్లబడతాయి, ప్రాసెసర్ కూడా అంతే తగ్గుతుంది. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తున్నావు. నీళ్ళకీ గదికీ తేడా పెరిగితే రేడియేటర్ దుమ్ము, ఫ్యాన్లు చూడాలి. చిప్‌కీ నీళ్ళకీ తేడా పెరిగితే బ్లాకు, పంపు ప్రవాహం, చిప్‌కీ బ్లాకుకీ మధ్య పూసే థర్మల్ పేస్టు చూడాలి. ఈ రెండు తేడాలూ నెలకోసారి రాసిపెట్టుకుంటే సగం జబ్బులు ముందే తెలిసిపోతాయి.

ఇక అల్యూమినియం గొడవ. నీ బ్లాకులు రాగి, పాత రేడియేటర్ రాగీ ఇత్తడీ. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి బాగానే బతుకుతాయి. అల్యూమినియం అలా కాదు. లోహాల పట్టికలో దాని ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (ఇది ఎంత తక్కువైతే లోహం అంత తేలిగ్గా కరుగుతుంది) −1.66 వోల్టులు, రాగిది +0.34. కాగితం మీద రెండు వోల్టుల తేడా! అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర వల్ల నిజంగా అంత రాదనుకో, అయినా వచ్చినంత చాలు. నీళ్ళు ఎలక్ట్రోలైట్ (కరెంటు పారే ద్రవం), కేబినెట్ ఇనుము, స్క్రూలు తీగ. అచ్చంగా బ్యాటరీ. అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే.

"రెండూ తగలకుండా రబ్బరు వాషర్లు వేస్తాను" అంటావని తెలుసు. ఉపయోగం లేదురా. రాగి నుంచి అతి కొద్దిగా అయాన్లు నీళ్ళలో కలుస్తాయి, అవి తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి అల్యూమినియం గోడ మీద రాగి చుక్కలుగా పేరుకుంటాయి. ఒక్కో చుక్కా దాని చుట్టూ ఉన్న లోహాన్ని తినే ఓ చిన్న బ్యాటరీ. అందుకే అల్యూమినియం సమంగా అరగదు, సూదిమొన గుంటలు పడి లోతుకి పోతుంది. రేడియేటర్ గొట్టాల గోడ ఎంత పల్చన! లోపల జెల్లీలాంటి తెల్లటి ముద్ద కనిపించే నాటికే చాలా దూరం పోయి ఉంటుంది.

మరి కంపెనీ నుంచి మూసి వచ్చే యూనిట్లలో రాగి పలకా, అల్యూమినియం రేడియేటరూ కలిసే ఉంటాయి కదా అంటే, ఉంటాయి. అవి సీలు చేసి వస్తాయి, గాలి దాదాపు చొరబడదు, గ్లైకాల్ అనే ద్రవంతో పాటు తుప్పు నిరోధకాలు లెక్కగా కలిపి నింపుతారు. నువ్వు మూత తీసి చెంబుతో పోసే వ్యవస్థకి ఆ రక్షణ లేదు.

ఆ చెంబు సంగతికే వస్తున్నా. "తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోశాను" అన్న వాక్యం చదివి చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. బాధేసిందిరా. ఎంత ఇష్టంగా కట్టుకున్న మెషీన్ అది! ట్యూబు గోడల్లోంచి ఆవిరయ్యేది నీరు ఒక్కటే. ఉప్పులన్నీ లోపలే ఉంటాయి. నువ్వు పోసిన ప్రతిసారీ కాల్షియం, క్లోరైడ్ ఇంకాస్త కలుస్తాయి, కొత్త ఆక్సిజన్ కూడా వస్తుంది. క్లోరైడ్ లోహం మీది రక్షణ పొరని పొడుస్తుంది, ఆక్సిజన్ తుప్పుకి మేత. అసలు కూలెంట్లో, అంటే ఇలా తిప్పడానికే అమ్మే ద్రవంలో, రాగిని కాపాడే బెంజోట్రయజోల్ లాంటి రసాయనాలు ఉంటాయి, రాగి మీద కంటికి కనపడని పొర కడతాయి. అవి ఖర్చయ్యే సరుకు, శాశ్వతం కాదు. గ్లైకాల్ కూడా పాతబడేకొద్దీ ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ పడిపోతుంది. అందుకే నీళ్ళు స్వచ్ఛంగా కనబడుతున్నాయి కదా అని ఏళ్ళ తరబడి వదిలెయ్యకూడదు. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి. కూలెంట్ కూడా కాదు, పోయింది నీరే కాబట్టి.

నికెల్ గురించి ఒక మాట. నికెల్ కూడా రాగి కంటే ముందు కరిగే లోహమే. పూత చెక్కుచెదరనంతవరకు ఫర్వాలేదు. ఒకచోట రాగి బయటపడిందా, దాని అంచుల్లో నికెల్ లేచిపోతూనే ఉంటుంది. పాచి పట్టకుండా కాపర్ సల్ఫేట్ చుక్కలు వేసే అలవాటు కొందరికుంది. ఉత్త రాగికైతే సరే, నికెల్ ఉన్నచోట, ముఖ్యంగా అల్యూమినియం ఉన్నచోట అది విషం. నీ రిజర్వాయర్ (నీళ్ళ తొట్టి) అడుగున ఉన్న జిగురు పాచో కాదో ఫోటోలో తేలట్లేదు. కాస్త తీసి తెల్లటి గ్లాసులో పోసి చూడు. గ్లాసులో నీళ్ళు నీలంగానే ఉండి, ట్యూబులో మాత్రం పచ్చగా కనబడితే రంగు మారింది ట్యూబుది. మెత్తటి పారదర్శక పీవీసీ ట్యూబుల్లోంచి మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ ఊరుతుంది. నీ బ్లాకులోని ఆ తెల్ల పేస్టు చాలావరకు అదేనని నా అనుమానం. ఈసారి నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబు వెయ్యి. లోపల నీళ్ళు కనబడవని ఏడుస్తావు, ఏడువు.

సరే, పని. ఒక రోజు సెలవు పెట్టుకో. నాలుగైదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, మెత్తటి పళ్ళ బ్రష్, కొత్త ఓ-రింగులు (కారకుండా వేసే రబ్బరు రింగులు), థర్మల్ పేస్టు దగ్గర పెట్టుకో. గోడ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పైన నింపే మూత తెరిచి, అట్టడుగు ఫిట్టింగ్ (ట్యూబు బిగించే చోటు) నుంచి నీళ్ళు దించు. పై మూత తెరవకపోతే నీళ్ళు సగంలో ఆగిపోయి, కేబినెట్ వంచగానే గ్రాఫిక్స్ కార్డు మీద పడతాయి. ఆ నీళ్ళు ఇప్పుడు ఉప్పు నీళ్ళతో సమానం, కరెంటు పారుతుంది, గుర్తుంచుకో.

బ్లాకు విప్పే ముందు ప్రతి దశలో ఫోటో తియ్యి. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చెయ్యి. లోపల రెక్కల మీద నీళ్ళని వాటి మీదికి పంపే చిన్న జెట్ ప్లేట్ ఉంటుంది, అది ఏ వైపు తిరిగి ఉందో చూసుకో, తిరగేసి పెడితే మొత్తం వృథా. బ్రష్‌ని రెక్కల వెంట నడుపు, అడ్డంగా కాదు. లోహపు తీగల బ్రష్ ఛాయలకి కూడా రానివ్వకు.

ప్రాసెసర్ బ్లాకుకి నికెల్ పూత ఉంది కాబట్టి గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క గిన్నెల సబ్బు, అంతే. పులుపు ఏదీ తగలకూడదు. ఎర్రబడ్డ చోటు కడిగితే పోయేది కాదు, మళ్ళీ పూత వేయించాలి లేదా ఆ పలక మార్చాలి. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు ఉత్త రాగి, దానికి మాత్రం లీటరు గోరువెచ్చటి నీళ్ళలో ఓ పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి, లోహపు పలక ఒక్కటే విడదీసి అయిదు పది నిమిషాలు ఉంచు. కళ్ళ ముందే గులాబీ రంగుకి తిరుగుతుంది. తీసి, లీటరుకి ఓ చిన్న చెంచా వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడు నాలుగు సార్లు కడుగు. యాక్రిలిక్ మూతకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగలనివ్వకు, వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చేస్తాయి, తర్వాత అవే కారతాయి.

పాత రేడియేటర్‌లో సగం దాకా వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతలు బిగించి, ఒక నిమిషం గట్టిగా ఊపి, తెల్ల గుడ్డ మీదుగా వంపు. నల్లటి, పచ్చటి నలుసులు పడతాయి. గుడ్డ మీద ఏమీ మిగలనంత వరకు చెయ్యి, విసుగొచ్చినా సరే. "మూడో నట్టు" రోజు గుర్తుంది కదా, అలాంటి తొందర వద్దు.

మళ్ళీ కట్టేటప్పుడు ఫిట్టింగులు చేత్తో బిగించి, ఓ-రింగ్ ఆనాక ఇంకాస్త, పావు తిప్పు చాలు. బలం చూపిస్తే యాక్రిలిక్ చీలుతుంది. లీక్ టెస్టర్ దొరికితే నీళ్ళు పొయ్యకముందే 0.5 బార్ మించకుండా గాలి కొట్టి అరగంట ముల్లు పడిపోతుందేమో చూడు. తర్వాత రిజర్వాయర్ నింపి, పంపు ఒక్కదానికే కరెంటిచ్చి, మూడు నాలుగు సెకన్లు నడిపి ఆపు, మళ్ళీ నింపు. పంపు ఎండగా తిరక్కూడదు, దాని బేరింగుకి నీళ్ళే నూనె. ఫిట్టింగుల కింద టిష్యూ కాగితాలు పరిచి, మిగతా భాగాలకి కరెంటు లేకుండా ఒక రోజంతా తిప్పు.

కలుపుకోవాల్సిన కూలెంట్ అయితే సీసా మీద రాసిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్‌తో కలుపు, రెండు రకాలు కలపకు, ముద్దకట్టచ్చు. పాల రంగువి వద్దు, వాటిలో రేణువులు సరిగ్గా ఆ రెక్కల మధ్యే దిగుతాయి. ఏడాదికోసారి మార్పు, ఆర్నెల్లకోసారి గ్లాసులో తీసి చూడ్డం, పీహెచ్ కాగితం ముంచడం, ఇవి గోడ క్యాలెండర్ మీద

ఉండు, తలుపు కొడుతున్నారు. నన్ను తీసుకెళ్ళడానికి బండి వచ్చేసింది. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు విప్పేటప్పుడు మధ్యలో ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్ల మందం కొలిచి రాసుకో, 1 మి.మీ. ఉన్నచోట 1.5 వేస్తే బ్లాకు చిప్‌కి ఆనదు. పంపు మోత గురించి అడిగావు కదా, అది వచ్చే ఉత్తరంలో.

నీ
రాజు