సృష్టికర్త సంగతి తేలేదాకా నిజం ఆగాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో కొన్ని వారాలుగా విశ్వానికి సృష్టికర్త అవసరమా అన్న చర్చ నడుస్తున్నది. ప్రతి ఉత్తరమూ చదివాను. మన పాఠకులు ఖగోళం మీద, వేదాంతం మీద ఇంత శ్రద్ధ పెట్టి రాయడం చూసి సంతోషపడ్డాను. కానీ పోయిన వారం అచ్చయిన ఒక ఉత్తరం నన్ను ఊరుకోనివ్వలేదు. దేవుణ్ణి నమ్మనివాడికి భయం ఉండదట, భయం లేనివాడి మాటను సమాజం నమ్మకూడదట. దానికి జవాబుగా వచ్చిన ఉత్తరం, గుడికి పోయేవాళ్లంతా చేసిన తప్పులు కడుక్కోవడానికే పోతారని తేల్చింది. ఈ రెండు తీర్పులూ నాకు ఒప్పుదల కాలేదు. మనుషులు ప్రమాణం చేసిన తర్వాత ఏం మాట్లాడతారో పక్కనే నిలబడి వినడం ఇన్నేళ్లూ నేను చేసిన ఉద్యోగం. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఉమ్మడి వరంగల్ జిల్లా కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. బంట్రోతు పేరు పిలుస్తాడు, సాక్షి బోనెక్కుతాడు, ప్రమాణం నేను చదివి వినిపిస్తాను. దేవుని ఎదుట ప్రమాణం చేసి చెప్తున్నా, అంతా నిజమే చెప్తా, నిజం తప్ప ఇంకేమీ చెప్పను అని సాక్షి నా వెంట పలకాలి. కొందరు చెప్పులు విడిచి ఎక్కుతారు. కొందరు కళ్లు మూసుకొని చేతులు జోడిస్తారు. ఆ తర్వాత చీఫ్, అంటే సాక్షిని పిలిచిన పక్షం వకీలు అడిగే ప్రశ్నలు. ఆ తర్వాత క్రాస్, అంటే ఎదుటి పక్షం వకీలు అడిగేవి. మెడలో దీక్షమాల, నుదుట విభూతి పెట్టుకున్న మనిషి తోడబుట్టిన తమ్ముడి పొలం హద్దు మీద తొణక్కుండా అబద్ధం చెప్పడం విన్నాను. గొర్లు కాసుకొని బతికే ఒక తల్లి సంగతి కూడా చెప్పాలి. ఆమె మంద మీద పడి దోచుకున్నాడని ఒక కుర్రవాణ్ణి పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. అవునంటే కేసు అయిపోతుంది, పోయిన సొమ్ములో కొంతన్నా చేతికొస్తుంది. ఆమె అతని మొఖం చాలాసేపు చూసి, "ఈ పిలగాడు గాదు సారూ. మల్లన్న సాచ్చిగా జెప్తున్న, నేను జూసింది ఈయన్ను గాదు" అన్నది. ఆ రోజు ఆమె నోట నిజం పలికించింది ఆమె దేవుడే. గుడికి పోయేవాళ్లను ఎత్తిపొడిచిన పాఠకుడు ఆ తల్లిని చూడలేదు.

ఇక రెండో మనిషి. పోరాటం నాటి ముసలాయన, జనగామ వైపు ఊరు. ట్రాక్టర్ కింద పడి ఒక కూలి చనిపోయిన కేసు. నేను "దేవుని ఎదుట" అనగానే చెయ్యి అడ్డం పెట్టి, "నడుమ దేవుడెందుకు బిడ్డా, నేను జెప్తున్న గదా" అన్నాడు. జడ్జి గారు ఏమీ అనలేదు. ఇంకో రకం ప్రమాణం చేయించమన్నారు, చేయించాను. బండి నడిపింది జీతగాడని కాగితాల్లో ఉంది. నడిపింది ఆయన మేనల్లుడు, అతనికి లైసెన్సు లేదు. అందుకని జీతం ఉన్న పిల్లగాణ్ణి ముద్దాయిని చేశారు. ముసలాయన బోనులో నిలబడి, "స్టీరింగ్ మీద ఉన్నది మా చెల్లె కొడుకే" అన్నాడు. చెల్లెలు కోర్టు హాల్లోనే కూర్చొని ఉంది. ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన పెళ్లికి ఆయనకు పిలుపు లేదని ఆ ఊరి వకీలు నాతో అన్నాడు. ఏ నరకానికీ భయపడని మనిషి, ఏ స్వర్గాన్నీ ఆశించని మనిషి, ముక్కూ మొహం తెలియని జీతగాడి కోసం తోబుట్టువును పోగొట్టుకున్నాడు. అటువంటి మనిషి మాట సమాజం నమ్మకూడదా?

చట్టం ఈ విషయంలో ఎప్పుడో స్పష్టంగా ఉంది. 1969 ప్రమాణాల చట్టంలో సాక్షికి రెండు దారులున్నాయి. దేవుని పేరు మీద ప్రమాణం ఒకటి, మనస్సాక్షిగా చేసే ప్రతిజ్ఞ రెండోది. రెండింటికీ విలువ ఒక్కటే. ఏది చేసినా అబద్ధం చెప్తే శిక్ష ఒక్కటే. వెనుక ఐపీసీ 193వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. శాసనసభలో, పార్లమెంటులో కూడా ఇంతే. రాజ్యాంగం మూడో షెడ్యూలులో ప్రతి ప్రమాణానికీ ఈ రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ 1969 చట్టంలోనే పిల్లల గురించి ఒక మాట ఉంది. ఉద్యోగమంతా నాకు దాని మీద గౌరవం పెరుగుతూనే వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు బోనెక్కినప్పుడు, ప్రమాణం అంటే ఏమిటో వాళ్లకు తెలియకపోయినా నిజం చెప్పాలన్న బాధ్యత తెలుసునని జడ్జికి అనిపిస్తే, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ప్రమాణం చేయలేదని ఆ సాక్ష్యం చెల్లకుండా పోదు. నిజం చెప్పాల్సిన బాధ్యతా తగ్గదు. అంటే మన చట్టం దృష్టిలో నిజం చెప్పాలన్న ఎరుక ముందు పుడుతుంది. దేవుడి మీద ఒట్టు అంటే ఏమిటో తెలియడం తర్వాతి సంగతి. ఒకదాని మీద ఇంకొకటి ఆధారపడి లేదు.

అట్లా వచ్చిన ఒక పాప నాకు బాగా గుర్తు. అసలు విచారణకు ముందు పిల్లలను జడ్జి గారు మామూలు ప్రశ్నలు అడుగుతారు. ఏం చదువుతున్నావు, బడి ఎక్కడ, నీ పక్కన కూర్చునేదెవరు అని. తర్వాత, "అబద్ధం చెప్తే ఏమైతది?" అని అడిగారు. సాధారణంగా పిల్లలు దేవుడు కళ్లు తీస్తాడనో, సారు కొడతాడనో అంటారు. ఈ పాప కొంచెం ఆలోచించి, "చెయ్యనోళ్లకు దెబ్బలు వడ్తయి" అన్నది. జడ్జి గారు ఆ జవాబు ఉన్నదున్నట్టు రికార్డు చేయించారు. ఆ పాప ఇంట్లో పూజలున్నాయో లేవో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన పని కోర్టుకూ లేదు. తన మాట వల్ల ఇంకొకరికి ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు.

సృష్టికర్త గురించి కూడా నా మాట చెప్తాను. నేను నాస్తికుణ్ణి కాను. ఐనవోలు మల్లన్నకు మా ఇంట్లో తాతల నాటి మొక్కు ఉంది, దేవుని ముందు రంగుల ముగ్గుల పట్నాలు వేయిస్తాం, ఒగ్గు కథ పెట్టిస్తాం. అయినా కుండ ఉందంటే కుమ్మరి ఉండాలి, లోకం ఉందంటే చేసినవాడు ఉండాలి అన్న వాదం నాకు సరిపోలేదు. కుమ్మరి మట్టిని పుట్టించడు, ఉన్న మట్టితో కుండ చేస్తాడు. మట్టి ఎక్కడిదన్న ప్రశ్న అట్లాగే మిగులుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. లోకం కార్యం, అంటే పుట్టిన వస్తువు, కాబట్టి దానికి కర్త ఉండాలని న్యాయ దర్శనం పండితులైన నైయాయికులు వాదించారు, ఉదయనాచార్యుడు అందులో దిట్ట. యజ్ఞాలు చేయడమే ధర్మమన్న మీమాంసకులే ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. వాళ్లలో ఒకడైన కుమారిల భట్టు వేదాన్ని ప్రమాణంగా నిలబెట్టాడు, లోకాన్ని చేసిన కర్త ఉన్నాడన్న వాదాన్ని మాత్రం ఖండించాడు. ఆయన్ను నీతి లేనివాడని ఎవరన్నా అన్నారా?

మహా విస్ఫోటం (బిగ్ బ్యాంగ్) సృష్టికర్తకు రుజువని ఒక పాఠకుడు, అదే సృష్టికర్త లేడనడానికి రుజువని ఇంకో పాఠకుడు రాశారు. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో లెక్కగట్టి, దాన్ని వెనక్కి నడిపిస్తే ఒక ఆదిమ అణువు దగ్గరికి చేరతామని 1931లో చెప్పింది బెల్జియం క్యాథలిక్ ఫాదరీ జార్జ్ లెమైత్ర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం కనబడుతున్నదని ప్రసంగిస్తే, ఇబ్బందిపడ్డది ఆ ఫాదరీనే. తన భౌతికశాస్త్రాన్ని తన మతానికి సాక్షిగా బోనెక్కించడం ఆయనకు ఇష్టం లేదు. రోజూ ప్రార్థన చేసే మనిషి ఆయన. 1,380 కోట్ల సంవత్సరాల కింద విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండి విస్తరించసాగిందని శాస్త్రం చెప్తున్నది. దాని వెనుక ఎవరైనా ఉన్నారా అన్నది ఆ లెక్కల్లో లేదు. ఆ ప్రశ్న మీద ఎంతకాలమైనా వాదించుకుందాం, నాకూ ఇష్టమే.

దేవుడు లేకపోతే నీతి లేదనేవాళ్లు మన నేల మీదున్న సాక్ష్యాన్నయినా చూడాలి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ బండ మీద జైన శిల్పాలు, సంస్కృతం, కన్నడం, తెలుగుల్లో శాసనం చెక్కించాడు. మన భాషలో దొరికిన పాత కంద పద్యాలు మూడు అందులో ఉన్నాయి. వేములవాడ చాళుక్యుల కాలం అది. జైనులు లోకానికి సృష్టికర్త ఉన్నాడని ఒప్పుకోరు, లోకం అనాది అంటారు. అయినా అహింస, సత్యం, అస్తేయం వాళ్ల మొదటి వ్రతాలు. చంపకూడదు, అబద్ధమాడకూడదు, దొంగిలించకూడదు అన్న కట్టుబాటు వాళ్లకు ఏ సృష్టికర్త ఆజ్ఞ నుంచీ రాలేదు. మా హనుమకొండ పద్మాక్షి గుట్ట మీదా జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలు ఆ గుట్ట కిందనే ఆడిపాడి గుండంలో బతుకమ్మలను సాగనంపుతారు. ఆ రెండూ ఒకే చోట ఉన్నాయి.

మేడారం సంగతీ అంతే. రెండేళ్లకోసారి లక్షల మంది పోయి బెల్లం ఇచ్చి మొక్కేది కాకతీయ సైన్యంతో కొట్లాడి ప్రాణమిచ్చారని కోయవాళ్లు చెప్పుకునే తల్లీబిడ్డలకు. సమ్మక్క ఈ విశ్వాన్ని సృష్టించిందా అని గద్దె దగ్గర ఎవరూ అడగరు. ఆ తల్లి తన వాళ్ల కోసం నిలబడ్డది, అందుకు మొక్కుతారు.

1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలోనూ ఈ వాదన జరిగింది. రాజ్యాంగ పీఠికను దేవుని పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. విశ్వాసం విషయంలో ఇది బలవంతం కాదా అని పట్టం థాను పిళ్లై అడిగారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇరకాటంలో మమ్మల్ని పెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. ఓటింగ్ జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది. ఎవరి నమ్మకం వాళ్ల దగ్గరే ఉంచి, అందరికీ కలిపి 'భారత ప్రజలమైన మేము' అని రాసుకున్నారు.

ఇదంతా పుస్తకాల వాదన అనుకోవద్దు. మా వీధిలో ఈ మధ్య ఒక జంట అద్దెకు ఇల్లు చూసుకుంది. ఇద్దరూ ఉద్యోగస్తులు. తాము ఇంట్లో దేవుని పటాలు పెట్టుకోబోమని ముందే చెప్పారట. అంతే, ఇంటివాళ్లు అడ్వాన్సు వాపసిచ్చారు. దేవుడంటే లెక్కలేనోళ్లు కిరాయి కడతారా అన్నది వాళ్ల మాట. ఇంకో వైపు, చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలమ్మలను కొట్టి చంపిన కేసులు నా బెంచీ ముందుకు వచ్చాయి. ఆ ముద్దాయిల్లో దేవుణ్ణి నమ్మనివాడు ఒక్కడూ నాకు కనబడలేదు. అందుకని నమ్మేవాళ్లంతా అటువంటివాళ్లేనని నేనెన్నడూ అనను, నేనూ నమ్మేవాణ్ణే. మనిషి ఎట్లాంటివాడో తెలుసుకోవడానికి ఆ నమ్మకం గుర్తు కాదని మాత్రం గట్టిగా చెప్తాను.

ఊళ్లలో చిన్న దొంగతనం జరిగినా తడిబట్టలతో గుడి ముందు ప్రమాణం చేయమనడం ఇంకా ఉంది. అట్లా నిలబెట్టేది ఎప్పుడూ జీతగాణ్ణో, ఇంటి పనిమనిషినో. సొమ్ము పోగొట్టుకున్న ఆసామిని ఎవరూ నిలబెట్టరు. అట్లా నిలబడ్డ మనిషి వణికితే దొంగ అంటారు, వణకకపోతే దైవభయం లేదంటారు. ఇది మానాలి. అనుమానం ఉంటే పోలీస్ స్టేషన్ ఉంది, సాక్ష్యం ఉంది.

కోర్టులకు సంబంధించి నాదొక విన్నపం. చట్టంలో రెండు ప్రమాణాలున్నాయని సాక్షుల్లో చాలామందికి తెలియదు. క్లర్కు ఏది చదివితే అదే పలుకుతారు. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ, దేవుని పేరు మీద చేస్తారా, మనస్సాక్షిగా చేస్తారా అని ముందు అడిగి తర్వాతే చదివేవాణ్ణి. దానికి పట్టే సమయం అర నిమిషం కూడా కాదు. ప్రతి కోర్టు హాల్లో బోను పక్కన రెండు ప్రమాణాలనూ పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పెట్టాలి. ఏటూరునాగారం, ఉట్నూరు వైపు నుంచి వచ్చే సాక్షులకు కోయ, గోండి, లంబాడీ మాటల్లో కూడా చదివి వినిపించే ఏర్పాటు చేయాలి. బార్ అసోసియేషన్లలోని వకీలు సోదరులు ఈ మాట న్యాయమూర్తుల దృష్టికి తీసుకుపోతారని ఆశిస్తున్నాను. కొత్తగా బెంచ్ క్లర్కులుగా చేరే పిల్లలు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగాల్సిన పని లేదు, రేపటి మొదటి సాక్షి నుంచే అడగవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత బెంచ్ క్లర్కు,
హనుమకొండ